ఫైబర్ బోటు నేల మెత్తబడింది, కింద బద్దలు కూడా కుళ్ళినట్టున్నాయి. వేట నిషేధం అయిపోయేలోపు మార్చుకోగలమా?

పాకల చిన్నోడు (ఏప్రిల్ 19)

అందరికీ నమస్కారం. మాది సింగరాయకొండ పక్కన పాకల. నేను ఒంగోల్లో మోటార్ల వైండింగ్ పని చేస్తా, వారానికోసారి ఇంటికి పోతా. అడగబోయేది నాయన బోటు గురించి.

సునామీ అయినాక మన తీరమంతా ఫైబర్ బోట్లు వచ్చినాయి గదా, మాదీ అప్పటిదే. 2006లో నీళ్ళలో దిగింది. పొడుగు 28 అడుగులు. డీజిల్ ఇంజను లోపలే ఉంటది. అడుగున ముందు నుంచి వెనక్కి పొడుగునా పోయే రెండు బద్దల మీద దాన్ని బోల్టులతో కూర్చోబెట్టినారు. ఆ బద్దలు చెక్కవి, పైన ఫైబర్ చుట్టినారు. స్ట్రింగర్లు అంటారంట వాటిని. వాటి మీద ప్లైవుడ్ నేల, దాని మీద మళ్ళా ఫైబర్ పూత.

పోయిన నెల కవళ్ళ వల లాగుతుంటే నాయన కాలు ఇంజను పక్కన నేలలోకి పిక్క దాకా దిగబడింది. ఎముకకేం కాలేదు, చర్మం లేచిపోయింది. ఒడ్డుకొచ్చినాక ఆ బొక్కలో చెయ్యి పెట్టి గీకితే చెక్క నల్లగా, వడకట్టిన టీ పొడి మాదిరి చేతికొచ్చింది. బావి పూడిక తీసేటప్పుడు వచ్చే వాసన. ఇంకొక సంగతి, ఆరు నెలల నుంచి ఇంజను వణుకు ఎక్కువైంది. బోల్టులు బిగిస్తే నాలుగు రోజులకే వదులవుతున్నాయి. ఇంజను లోపం అనుకొని కింది రబ్బర్లు కూడా మార్పించినాం, లాభం లేదు.

ఏప్రిల్ 15 నుంచి వేట ఆగింది, జూన్ 14 దాకా టైముంది. ఫైబర్ పని చేసే ఒకాయన్ని పిలిచి చూపిస్తే, పాత నేల మీదనే ఇంకో ప్లైవుడ్ పరిచి రెండు పొరలు పూసేస్తా, మూడు రోజుల పని అన్నాడు. నాయన సరేనన్నాడు. నాకే మనసొప్పటం లేదు. ఆ బోటులో రోజూ నలుగురు పోతారు. నేల మారిస్తే చాలా, బద్దలు కూడా తియ్యాలా? తీస్తే ఏ చెక్క వెయ్యాలి, ఫైబర్‌ను గట్టిపరిచే జిగురు, అదే రెజిన్, ఏది వాడాలి? గ్రైండరు పట్టటం నాకు వచ్చు, ఫైబర్ పని ఎప్పుడూ చెయ్యలేదు. తెలిసినోళ్ళు చెప్పండి.


ఊళ్ళపాలెం బోటు (ఏప్రిల్ 19)

అబ్బాయా, మేం మూడేళ్ళ కింద అట్నే పైన ఇంకో ప్లైవుడ్ వేయించినాం. మొదటి ఏడాది బాగుంది. రెండో ఏడు నుంచి బోటు బరువెక్కింది. వేటకు ముందు ఎనిమిది మంది తోస్తే ఇసకెక్కేది, ఇప్పుడు పన్నెండు మంది కావాల. కింద చెక్క నీళ్ళు తాగతానే ఉంది, పైన కొత్త బరువు చేరింది. మా మాదిరి చెయ్యొద్దు. ఎట్టా చెయ్యాలో చెప్పే పనితనం నాకు లేదు, తెలిసినోళ్ళు చెప్తారు.


తుమ్మలపెంట ఫైబర్ (ఏప్రిల్ 20)

తమ్ముడూ, మాది కావలి దగ్గర తుమ్మలపెంట. 2005 నుంచి ఇదే పనిలో ఉండా. మొదట కొత్త బోట్లు పోసే యార్డులో చేసినా, పదేళ్ళుగా రిపేర్లు. పైన ఇంకో ప్లైవుడ్ పరుస్తానన్న మాట వినబాక.

నేల తొక్కడానికి మాత్రమే అనుకుంటారు. కాదు. అడుగు ఫైబర్ పెంకు ఒక్కటే ఉంటే అల కొట్టినప్పుడల్లా చేట మాదిరి ఊగతాది. ఊగకుండా పట్టేవి బద్దలు. ఆ బద్దలు పక్కకు ఒరగకుండా పట్టేది నేల. లోపల చెక్క పిండయిపోతే బద్ద అని మనం చూసేది ఉత్త తొడుగు. తొడుగు మీద బోల్టు బిగిస్తే ఏం పట్టుకుంటాది? నీ ఇంజను వణుకు అదే. రబ్బర్ల తప్పేం లేదు.

ముందు ఎంత మేర పోయిందో తెలుసుకో. స్క్రూ డ్రైవరు తిరగేసి పిడితో బద్ద పొడుగునా కొట్టుకుంటా పో. మంచి చెక్క ఉన్న చోట గట్టిగా, టకటకమంటా పలకతాది. కుళ్ళిన చోట గుమ్మడికాయ మీద కొట్టినట్టు దబ్ దబ్ అంటాది. అనుమానం ఉన్న చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టి, బద్ద పక్క గోడకు, కింద రెండంగుళాలు వదిలి, 6 మి.మీ. బిట్టుతో చిన్న బెజ్జం వెయ్. బోటు అడుక్కు మాత్రం తగలనియ్యబాక. బిట్టుకు అంటుకొని వచ్చే పొట్టును వేళ్ళ మధ్య నలిపి చూడు. ఎండు చెక్క పొట్టు తెల్లగా రాలతాది. కుళ్ళింది నల్లగా ముద్దవతాది, ఒక్కోసారి బెజ్జంలోంచి నీళ్ళే కారతాయి. నువ్వు చెప్పిన టీ పొడి రంగు చూస్తే ఇంజను కింద మొత్తం పోయిందనే అనుకుంటా ఉండా.

ఎందుకు కుళ్ళిందో కూడా తెలుసుకోవాల, లేదంటే కొత్తదీ అట్నే పోతాది. ఉప్పునీళ్ళకు కుళ్ళిందంటారు అందరూ. చెక్కను తినే బూజుకు ఉప్పు అంతగా పడదు తమ్ముడూ, దానికి కావాల్సింది వాన నీళ్ళు. మన పక్క అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం మీద వాయుగుండం. బోట్లేమో ఒడ్డున ఆకాశం చూస్తా పడుంటాయి. నేలను బద్దకు బిగించిన ప్రతి స్క్రూ పక్కనుంచి ఆ నీళ్ళు దిగి చెక్కలో చేరతాయి. చుట్టూ ఫైబర్ ఉంది కాబట్టి మళ్ళా బయటికి రాలేవు. ఎండాకాలం వచ్చినా లోపల తడి తడిగానే ఉంటాది.

ఇప్పుడు పని. అన్నిటికంటే ముందు నువ్వు గుర్తు పెట్టుకోవాల్సింది నా చేతుల మీద పాడైన బోటు సంగతి. 2011లో ఇసకపల్లి పక్కది ఒక బోటు తెచ్చినారు. నాలుగు లారీ టైర్ల మీద ఎక్కించి, నేల తీసి, రెండు బద్దలూ ఒక్క రోజులో కోసి పారేసినా. తొందర. మర్నాడు ఎండ బాగా కాసింది. మూడో రోజు కొత్త బద్దలు పెట్టి ఫైబర్ చుట్టేసినా. అడుగు టైర్ల మధ్యలో ఒకటిన్నర అంగుళం కిందికి జారిందని అప్పుడు చూసుకోలా. ఆ వంపును నేనే కొత్త బద్దలతో గట్టిగా బిగించి పెట్టినా. ఆ తర్వాత ఆ బోటు ఏ రోజూ తిన్నగా నడవలా, ఎడమకు లాగేది, డీజిలు ఎక్కువ తాగేది. ఆ బోటాయన నన్ను ఒక్క మాట అనలేదు, మర్నాటి ఏడు అమ్మేసుకున్నాడు. ఆయన కూతురు పెళ్ళికి పిలిచినా పోలేకపోయినా.

అందుకని నువ్వు కొయ్యక ముందే ఇంజను దించెయ్. బోటు వెన్ను కింద నాలుగైదు అడుగులకొక దుంగ, దుంగ మీద ఇసక సంచి. పక్కలు కూడా సంచులతో ఎగదన్ను, ఎక్కడా గాలిలో ఉండకూడదు. అంచు నుంచి అంచుకు అడ్డంగా సరుగుడు వాసాలు మూడు కట్టు, పక్కలు విచ్చుకోకుండా. తర్వాత అణియం (ముందు కొస) నుంచి అమరం (వెనక కొస) దాకా మేస్త్రీ దారం బిగించి కట్టి, రెండడుగులకొకసారి దారం నుంచి అడుగు దాకా ఎంతుందో కొలిచి బోటు గోడ మీదే మార్కరుతో రాసిపెట్టు. ఇంజను బోల్టు బెజ్జాలు కూడా దారానికి ఎంత కింద ఉన్నాయో రాసుకో, లేకపోతే రేపు ఇంజను నుంచి పంకాకు పోయే షాఫ్టు తిన్నగా కూర్చోదు. రోజూ పొద్దున్నే పనికి ముందు కొలవాల. తేడా వస్తే ఆ రోజు ఫైబర్ ముట్టబాక, ముందు సంచులు సర్దు.

బద్దలు రెండూ ఒకసారి తియ్యొద్దు. ఒకటి తీసి, కొత్తది పెట్టి, అది గట్టిపడినాకనే రెండోది.

నేల కోసేటప్పుడు చుట్టూ బోటు గోడకు ఆనుకొని మూడంగుళాల అంచు వదిలెయ్, కొత్త నేలకు అదే ఆనవాలు. రంపం బ్లేడు నేల మందానికి మించి దిగకుండా చూసుకో. బద్ద తీసినాక అడుగున మిగిలిన పాత ఫైబరును 36 నంబరు డిస్కుతో రుద్దాల. ఇక్కడే అందరూ మోసపోయేది. పైన మెరుపు పోతే చాలనుకుంటారు. మెరుపు పోయినాక కూడా రుద్దు, లోపల నూలు పోగుల మాదిరి తెల్లటి పీచు కనబడే దాకా. వేలితో రాస్తే గరుగ్గా పట్టాల. బద్దకు రెండు పక్కలా ఆరంగుళాలు దాటి రుద్దాల. రెజిన్ పట్టు అంతా ఆ గరుకులోనే ఉంది. దుమ్ము వంటికి తగిలితే రాత్రంతా దురద, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా చెడ్డ. పొడుగు చేతుల చొక్కా, మంచి మాస్కు, కళ్ళద్దాలు లేకుండా గ్రైండరు ఆన్ చెయ్యబాక. పనయినాక ముందు చన్నీళ్ళతో కడుక్కో.

చెక్కకు ప్లైవుడ్ మీద ఐఎస్ 710 అని ముద్ర చూసి తీసుకో, అది మెరైన్ ప్లై. 12 మి.మీ.వి రెండు రెజిన్‌తో అతికిస్తే బద్దకు 24 మి.మీ. అవతాది. ఒక సంగతి మాత్రం మరువబాక. మెరైన్ ప్లై అంటే నీళ్ళలో జిగురు ఊడదని, ఎన్నేళ్ళు తడిసినా చెక్క కుళ్ళదని కాదు. కొందరు టేకు వెయ్యమంటారు. టేకులో నూనె ఉంటాది, ఈ రెజిన్ దానికి సరిగా పట్టదు.

బద్ద ఆకారం ఫ్రిజ్జు అట్టపెట్టె కోసి తీసుకో. అట్టను అడుగు వంపుకు ఆనించి, గీసి, కోసి, మళ్ళా ఆనించి చూడు. చెక్క నేరుగా పెంకును తాకకూడదు, కాలంగుళం సందు ఉండాల. తాకిన చోట అల దెబ్బకు పెంకు చిట్లతాది. ఆ సందులో రెజిన్, ఏరోసిల్ (రెజిన్‌ను చిక్కబరిచే తెల్ల పొడి), కత్తిరించిన గాజు పీచు కలిపిన ముద్ద పెట్టి, బద్దను అందులో కూర్చోబెట్టు. పక్కల పైకొచ్చిన ముద్దను గుండ్రటి డబ్బా మూతతో లాగితే మూల ఒంపుగా వస్తాది. బద్ద పైఅంచులు కూడా గుండ్రంగా రుద్దాల. మ్యాట్‌కు, అంటే గాజు పీచు పరుపుకు, కొసదేరిన మూల పడదు, అక్కడ లేచిపోయి గాలి నిలుస్తాది.

చెక్కను పెట్టక ముందే అన్ని వైపులా రెజిన్ పట్టించు. ప్లైవుడ్ కోసిన అంచులు స్పాంజి మాదిరి తాగతాయి, వాటికి మూడుసార్లు. తర్వాత 450 మ్యాట్, 610 రోవింగ్ (గాజు పోగులతో నేసిన గుడ్డ), మళ్ళా 450 మ్యాట్. ఆ అంకెలు చదరపు మీటరుకు గ్రాముల బరువు. మొదటిది పెంకు మీదికి నాలుగంగుళాలు, రెండోది ఆరు, మూడోది ఎనిమిది. అన్నీ ఒకే చోట ఆగిపోకూడదు. ప్రతి పొరనూ ఇనప రోలరుతో తెల్లమచ్చ లేకుండా నొక్కు. తెల్లగా కనబడిందంటే కింద గాలి ఉన్నట్టు.

ఈ రోజుకు ఇంత. నేల సంగతి నువ్వు విప్పినాక చెప్తా.


నెల్లూరు రెజిన్ షాపు (ఏప్రిల్ 20)

తుమ్మలపెంట అన్న పనితనం అంతా చెప్పారు. నేను పదకొండేళ్ళుగా ఈ సరుకు అమ్మే షాపులో ఉన్నాను కాబట్టి సరుకు గురించి రెండు మాటలు.

తమ్ముడూ, మీ బోటుకు ఐసో పాలిస్టర్ రెజిన్ తీసుకోండి. మామూలు పనులకు వాడే జీపీ రెజిన్ కంటే నీటికి బాగా ఆగుతుంది. ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ పాత ఫైబర్‌కు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, నిజమే, కానీ ఖరీదు చాలా ఎక్కువ. పైగా షాపుల్లో దొరికే మ్యాట్‌లో పీచును పట్టి ఉంచే జిగురు పాలిస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి మెత్తబడేలా చేసింది, ఎపాక్సీలో ఆ మ్యాట్ సరిగా నానదు. ఒకసారి ఎపాక్సీ వేశాక దాని మీద పాలిస్టర్ కూడా సరిగా అతకదు. ఏదో ఒకటే పట్టుకొని మొత్తం దానితోనే చెయ్యండి.

ఎంత కావాలంటే, చదరపు మీటరు 450 మ్యాట్‌కు కిలో పైచిలుకు రెజిన్ పడుతుంది. రోవింగ్‌కు దాని బరువంత రెజిన్ చాలు. ఎక్కువ పోస్తే బలం రాదు, పెళుసెక్కుతుంది.

ఇది మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి. రెజిన్‌తో పాటు రెండు సీసాలు ఇస్తారు. ఊదారంగులో ఉండేది కోబాల్ట్, గట్టిపడటాన్ని త్వరపెడుతుంది. నీళ్ళలా ఉండేది కాటలిస్టు, రెజిన్‌ను గట్టిపడేలా చేసేది. ఆ రెండిటినీ నేరుగా ఒకదానిలో ఒకటి కలిపితే పేలిపోతుంది. ముందు కోబాల్ట్ రెజిన్‌లో వేసి బాగా కలపాలి, ఆ తర్వాతే కాటలిస్టు. రెండిటికీ ఒకే కొలత గ్లాసు వాడకండి. రెండు సీసాలూ ఒకే చోట పెట్టకండి. కాటలిస్టు కంట్లో పడితే చూపు పోతుంది. పడితే ఆలస్యం లేకుండా పావుగంట సేపు మంచినీళ్ళతో కడిగి ఆసుపత్రికి పోవాలి. పక్కన నీళ్ళ బిందె లేకుండా పని మొదలుపెట్టొద్దు, బీడీ సిగరెట్టు దగ్గరికి రానివ్వొద్దు.

ఎండల్లో చేస్తున్నారు కాబట్టి కిలో రెజిన్‌కు 10 మిల్లీ కాటలిస్టు చాలు. మే నెలలో త్వరగా గడ్డ కడుతోందని అంతకంటే తగ్గించేస్తారు. తగ్గిస్తే పైకి గట్టిగా కనబడుతుంది గాని లోపల పూర్తిగా ఉడకదు, ఎన్నాళ్ళయినా మెత్తగానే ఉంటుంది. కావాలంటే కోబాల్ట్ తగ్గించండి, లేదా తెల్లవారుజామున చెయ్యండి. బకెట్‌లో ఎక్కువ కలిపి పెట్టుకోకండి, దాని వేడికి అదే పొగలొస్తుంది. వెడల్పాటి ట్రేలో కొంచెం కొంచెం కలుపుకోండి. మిగిలింది ఇసక మీద పరిచెయ్యండి, చెత్తబుట్టలో వెయ్యకండి.


పాకల చిన్నోడు (మే 3)

అన్నా, ఇద్దరికీ దండాలు. నాయనకు రెండూ చదివి వినిపించినా. ఇసకపల్లి బోటు సంగతి విన్నాక ఆయనే దారం తెచ్చి కట్టినాడు.

నేల విప్పినాం. ఎడమ బద్ద ఇంజను దగ్గర్నుంచి అమరం దాకా తొమ్మిదడుగులు పిండి. చేత్తోనే తోడేసినా. ముందు భాగం కూడా బిట్టు వేస్తే తడిగానే వచ్చింది. కుడి బద్ద ఇంజను బోల్టుల చుట్టూ నాలుగడుగులే పోయింది, ముందంతా టకటకమంటా ఉంది, పొట్టు తెల్లగా రాలింది. అమరం పలక గట్టిగా ఉంది.

ఒక సంగతి చూసి నాకు చాలా బాధేసింది. నేల ప్లైవుడ్ తిరగేస్తే కింది వైపు ఒక్క చుక్క రెజిన్ లేదు. పచ్చి చెక్క. ముందు పక్క ఎండిన ముక్క మీద వడ్రంగి పెన్సిలుతో రాసుకున్న కొలతలు ఇంకా కనబడతా ఉన్నాయి. పైన చూస్తే ఎంత నున్నగా పూసినారో. పద్దెనిమిదేళ్ళకు పైగా నాయన ఆ పచ్చి చెక్క మీదనే నిలబడి వల లాగినాడు.

నేల కింద థర్మోకోల్ దిమ్మెలు ఉన్నాయి. ఒంటి చేత్తో లేవాల్సిన దిమ్మెను ఇద్దరం ఎత్తినాం, కింద పెడితే నీళ్ళు కారతా ఉన్నాయి. మూడు ప్రశ్నలు. కుడి బద్ద మొత్తం తియ్యాలా? థర్మోకోల్ కొత్తది పెట్టి పైన రెజిన్ పోయొచ్చా? నీళ్ళు పోయే బెజ్జాలకు పీవీసీ పైపు ముక్కలు పెడదామా?


తుమ్మలపెంట ఫైబర్ (మే 3)

పెన్సిలు గీతలు నేనూ చాలా బోట్లలో చూసినా తమ్ముడూ. కనబడని వైపు పూత వెయ్యాలంటే ఒక రోజు పని, రెండు డబ్బాల రెజిన్ ఎక్కువ పడతాది. అది మిగిల్చుకున్నారు. నువ్వు మాత్రం కొత్త నేల కింది వైపునే ముందు పూర్తి చెయ్. రెజిన్ పట్టించి, ఒక 450 మ్యాట్ పొర వేసి, గట్టిపడినాక తిరగేసి పెట్టు.

ఎడమ బద్ద మొత్తం తీసెయ్, తడి వచ్చిన చెక్కను మళ్ళా లోపల మూసి పెట్టబాక. కుడిది తియ్యాల్సిన పని లేదు. మంచి చెక్క మొదలైన చోట నుంచి ఇంకో అడుగు ముందుకు పోయి కోసి, నిటారుగా కాకుండా వాలుగా అతుకు వెయ్. 24 మి.మీ. మందానికి ఎనిమిదంగుళాల వాలు ఉండాల. నిటారు అతుకు అయితే సరిగ్గా అక్కడే విరగతాది. ఆ అతుకు మీద ఫైబర్ ఇంకో పొర ఎక్కువ చుట్టు.

థర్మోకోల్ మీద ఈ రెజిన్ పోస్తే కళ్ళ ముందరే కరిగిపోతాది. అనుమానముంటే చిన్న ముక్క మీద ఒక్క చుక్క వేసి చూడు. పఫ్ ఫోమ్ (పాలీయురెథేన్ నురుగు) పలకలు తీసుకో. అవి కూడా ఎన్నేళ్ళో నీళ్ళలో నానితే తాగతాయి, అందుకని అడుగుకు ఆనకుండా కింద నీళ్ళు పారే దారి వదిలి పెట్టు. ఫోమ్ తీసేసి ఖాళీగా మాత్రం మూసెయ్యబాక. బోటు నిండితే తేలేది దాని వల్లనే.

పీవీసీకి ఈ రెజిన్ సరిగా పట్టదు. కొన్నాళ్ళకు పైపు చుట్టూ వెంట్రుకంత సందు వస్తాది, ఆ సందులోంచే మళ్ళా నీళ్ళు చెక్కకు పోతాయి. నేనైతే ఇనప పైపుకు మైనం రుద్ది, దాని మీద మ్యాట్ రెండు చుట్లు చుట్టి రెజిన్ పోస్తా. గట్టిపడినాక పైపు లాగేస్తే ఫైబర్ గొట్టమే మిగలతాది. దాన్ని బద్దలోని బెజ్జంలో ముద్దతో అతికించు. నీళ్ళు అమరం వైపు పారేట్టు అన్నిట్లోకీ కింది చోట పెట్టు.

నేల బిగించేటప్పుడు ఒక్క స్క్రూ కూడా బద్దలోకి దించొద్దు. బద్దల మీద ముద్ద పరిచి, నేల కూర్చోబెట్టి, పైన ఇసక సంచులు పేర్చి రాత్రంతా వదిలెయ్. తర్వాత చుట్టూ అంచుకు మ్యాట్ కట్టు. పొర మీద పొర వేసేటప్పుడు కింది పొర కాస్త జిగటగా ఉన్నా భయపడబాక, గాలి తగిలిన పై భాగం ఆరదు, పై పొరకు అదే పట్టు. కానీ రెండు మూడు రోజులు ఆలస్యమైతే మళ్ళా రుద్దాల్సిందే. అన్నిటి కంటే పైదానికి మాత్రం మైనం కలిపిన టాప్‌కోటు వెయ్, అప్పుడు ఆరతాది.

ఇంజను బోల్టులకు తప్పదు, చెక్కలోకి పోవాల. బోల్టు 12 మి.మీ. అయితే బెజ్జం 20 మి.మీ. వెయ్. దాన్ని ముద్దతో నింపి, గట్టిపడినాక నడిమధ్య 12 మి.మీ. బెజ్జం వెయ్. అప్పుడు బోల్టు చుట్టూ చెక్క కనబడదు, రెజినే కనబడాల. నీళ్ళు దిగినా చెక్క దాకా పోవు. నీ బోటు కుళ్ళింది ఆ నాలుగు బెజ్జాల దగ్గరే మొదలైంది, ఈ పని నువ్వే చేసుకో, ఎవరికీ వదలబాక.


పాకల చిన్నోడు (మే 27)

అన్నా, ఎడమ బద్ద మే 9న, కుడిది 14న అయినాయి. తెల్లారి నాలుగున్నరకు లేచి ఎనిమిదిన్నరకు ఆపేసేవాళ్ళం. పైన తాటాకు పందిరి వేసినాం. ఒక రోజు మాత్రం తొమ్మిదయింది, ట్రేలో రెజిన్ జున్ను మాదిరి గడ్డ కట్టి రోలరుకు అంటుకుంది. ఆ పొర మొత్తం లాగేసి మర్నాడు మళ్ళా వేసినాం.

11వ తేదీ పొద్దున దారం కొలిస్తే మధ్యలో అర అంగుళం తేడా వచ్చింది. రాత్రి గాలివానకు ఒక సంచి కింద ఇసక కొట్టుకుపోయింది. మీరు చెప్పకపోతే కొలిచేవాణ్ణే కాదు. నాయన, నేను, మా బాబాయి ముగ్గురం గడ్డపారలతో ఎత్తి సంచులు సర్ది, గోడ మీద రాసిన లెక్కకు వచ్చిందాకా ఆ రోజు ఏమీ చెయ్యలేదు.

నేల 23న కూర్చోబెట్టినాం. కింది వైపు పూత వేసేటప్పుడు మా అమ్మ వచ్చి, అది ఎవరికీ కనబడదు గదరా, ఎందుకంత నున్నగా చేస్తున్నావు అనింది. పాత ముక్క మీద పెన్సిలు గీతలు చూపించినా. ఆమె ఇంకేం అడగలేదు, బకెట్‌తో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి పోయింది.

నిన్న సాయంత్రం నాయన ఒక్కడే బోటులో కూర్చొని స్క్రూ డ్రైవరు పిడితో నేలంతా కొడతా ఉన్నాడు. అణియం నుంచి అమరం దాకా, మళ్ళా వెనక్కి. ఇంజను బెజ్జాలు 20 వేసి నింపినాం, ఎల్లుండి 12 బిట్టు వేస్తా. జూన్ మొదటి వారంలో ఇంజను ఎక్కిస్తాం. ఇంకేమైనా మరిచినానా?


తుమ్మలపెంట ఫైబర్ (మే 27)

సంచి జారిన రోజు పని ఆపినావు చూడు, అది చాలు నాకు. బోటు బాగుంటాది.

ఇంజను ఎక్కించినాక వారం నడిపి, బోల్టులు ఒకసారి చూసి బిగించు. మళ్ళా వదులైతే నాకు రాయి, బద్ద సంగతి కాకుండా షాఫ్టు సంగతి చూడాల్సి వస్తాది. వాయుగుండాలు మొదలైన కాడ్నుంచి, బోటు ఒడ్డెక్కినప్పుడల్లా అణియం ఎత్తు మీద పెట్టి, అమరం కింది నీళ్ళ మూత తీసి పెట్టండి. వాన నీళ్ళు ఒక్క రాత్రి కూడా లోపల నిలవకూడదు. తీసిన మూతకు తాడు కట్టి ఇంజను స్టార్టు చేసే హ్యాండిలుకే తగిలించు. అది తియ్యకుండా ఎవరూ ఇంజను తిప్పలేరు, మూత మరిచి నీళ్ళలోకి తొయ్యరు.